ఇండ్లు కట్టించువారి మనస్సు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలనిన మాట ఎరుగని సోదరీమణులుండరు. తనకొక ఇల్లు కట్టుకొన్నవాని పాటే అంతటిదైనప్పుడు, ఏకకాలమున నూరిండ్లు, అందును తనవి కాని ఇండ్లు, కట్టించుటకు నియుక్తులైనవారి మాట యేమి? ఇటుకకు లెక్క కలదు. ఇసుకకు లెక్క కలదు. సిమెంటు బస్తాకు చీటీ కలదు. కట్టించువారి మనస్సున పేరుకొనుదానికి మాత్రము ఏ కచేరీలోను పుస్తకము లేదు. ఈ మాసమున మేము ఆ విషయమునే ముచ్చటింపదలచితిమి. ఇది మగవారి కచేరీ గొడవ యని పుట త్రిప్పివేయవలదని ప్రార్థన. ఆ కచేరీలలో నేడు మన కూతుండ్రును, మన మేనకోడండ్రును కూర్చుండియున్నారు. సాయంకాలము వారు ఇంటికి వచ్చి అన్నము ముందు మాటలేక కూర్చున్నప్పుడు చూచుచుండువారము మనమే.

మా చేబ్రోలునకు ఇండ్ల ముచ్చట క్రొత్త కాదు. పూర్వము తామ్రపురి యని పేరొందిన ఈ యూరిని కాకతీయ గణపతిదేవుని గజసేనానియు, నృత్తరత్నావళీ గ్రంథకర్తయు నగు జాయప 13వ శతాబ్దమున ఏలెను. తండ్రి పేర చోడేశ్వరాలయమును నిలిపి, స్వామి కొలువున ఆడిపాడు సానులకు రెండంతస్తుల ఇండ్లు వరుసలుగా కట్టించెనని ఇచ్చటి శాసనము వలన తెలియుచున్నది. శాసనము దాత పేరు చెప్పినది, ఇండ్ల అంతస్తులు చెప్పినది. ఆ ఇండ్లను పంచిపెట్టిన ఉద్యోగి యెవరో, వరుస చివరి ఇల్లు తనకు వలదని యే సాని కన్నీరు పెట్టినదో, ఆ కన్నీరు చూచిన ఉద్యోగి ఆ రాత్రి నిదురించెనో లేదో చెప్పలేదు. శాసనములు అట్టివి చెప్పవు.

ఇప్పటి సంగతికి వత్తము. బీదలకు ఇండ్లు కట్టించుటకై మన రాష్ట్రమున 1979లో గృహనిర్మాణ సంస్థ యొకటి యేర్పడినది. అంతకు రెండేండ్లు ముందు, 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను దివిసీమవారును, రేపల్లె బాపట్ల తీరములవారును నేటికిని మరువలేదు. గడ్డి కప్పిన ఇల్లు ఎంతటి అల్పప్రాణియో ఆ రాత్రి తెలిసినది. పిదప ప్రభుత్వములు మారినను, పథకముల పేరులు మారినను, ఇండ్ల పని సాగుచునే వచ్చినది. 2020 డిసెంబరు 25న మొదలైన పట్టాల పంపిణీలో ముప్పది లక్షల పైచిలుకు కుటుంబములకు స్థలము లిచ్చుట తలపెట్టిరి. పట్టణములలో ఒక సెంటు, గ్రామములలో ఒకటిన్నర సెంటు. ఒకటిన్నర సెంటనగా డెబ్బదిరెండున్నర గజములకు రవంత పైమాట. ఇంటికి 1,80,000 రూపాయలు. ఆ సొమ్ము ఒక్కమారుగా చేతికి రాదు. పునాది లేచిన పిదప కొంత, గోడలు లేచిన పిదప కొంత, కప్పు పడిన పిదప కొంత. చేత నున్న డబ్బుతో గోడ లేపినగాని గోడకు రావలసిన డబ్బు రాదు. కలవారి కిది లెక్క. లేనివారికి ఇదియే చిక్కు.

ఆ చిక్కు యెదుట నిలుచువారు మంత్రులు కారు, పెద్ద ఇంజనీర్లు కారు. 2019లో గ్రామ సచివాలయములన్న పేర ఏర్పడిన చిన్న కచేరీలలోని ఇంజనీరింగు సహాయకులు. పట్టుమని ముప్పదియేండ్లు నిండనివారు వారిలో ఎందరో. స్థలమున ముగ్గు పోయించుట, పునాది లోతు చూచుట, ఇల్లు ఏ మట్టము వరకు లేచినదో సెల్‌ఫోనుతో ఫొటో తీసి పైకి పంపుట వారి పని. డెల్టా పల్లెలలోని నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు నెర్రెలు విచ్చును. అట్టి నేలలో పునాది తవ్వించుట కళాశాలలో నేర్పిరి. "ఎప్పుడు పూర్తియగు నమ్మా" యని అడిగెడి వృద్ధురాలికి ఏమి చెప్పవలెనో ఏ కళాశాలయందును నేర్పలేదు.

మా ఆడబిడ్డ కూతురు ఇట్టి ఉద్యోగిని. ఊరి పేరు చెప్పము. చిన్ననాడు మా యొద్దనే అమరము వల్లించిన పిల్ల, గలగల మాటలాడు పిల్ల. ఉద్యోగమున చేరిన రెండేండ్లకు మాట సన్నగిల్లినది. మనుష్యులను పేరుతో చెప్పుట మానివేసి "నలుబదియేడో నంబరు", "ఆ బేస్‌మెంటు కేసు" అని చెప్పసాగినది. కచేరీ ముందు గుమ్మమున కాక ప్రక్క సందుగుండా పోవుచున్నదని మా వారి చెవిని పడినది. ఒకనాటి రాత్రి పెరటిలో కూర్చుండి, "అత్తయ్యా, నాకీ ఉద్యోగం వద్దు. హైదరాబాదు పోయి ఏ కంపెనీలోనైనా చేరతా. అక్కడ కంప్యూటరు ఏడవదుగా" అని అన్నది. తండ్రి లేని పిల్ల. ఆ జీతముతోనే తమ్ముని చదువు సాగుచున్నది. మేము వెంటనే వలదనియు అనలేదు, సరే యనియు అనలేదు.

మనుష్యుని నంబరుతో పిలుచుట పిల్ల కొవ్వుచే చేసినది కాదు. ఇంగ్లండులో ఇజబెల్ మెంజీస్ అను విదుషీమణి ఆసుపత్రి నర్సుల పనిని పరిశీలించి 1960లో ఒక వ్యాసము ప్రకటించినది. రోగులను పేరుతో కాక మంచము నంబరుతోను, జబ్బుపడిన అవయవముతోను పిలుచుట నర్సులలో కనబడినది. పరుల బాధను దినదినమును మీద వేసికొనలేక మనస్సు కట్టుకొను అడ్డుగోడ యది యని ఆమె నిర్ణయించినది. ఆ గోడ మొదట కాపాడును. పిదప గాలి యాడనీయదు. ఇండ్లు కట్టించువారును ఆ గోడ కట్టుకొనుచున్నారని మా తలంపు. ఆ గోడకు మాత్రము మట్టము చూచువారు లేరు.

ఈ కష్టమునకు మందు వెదకినవారు లేకపోలేదు. మొదట తలపవలసినది ఆక్టేవియా హిల్ అను ఆమెను (1838–1912). లండనులోని మేరిలిబోను పేటలో పాడుపడిన మూడిండ్లను జాన్ రస్కిన్ కొనియీయగా, 1865లో వాని నిర్వహణమునకు పూనుకొన్నది. అద్దె వసూలునకు గుమాస్తాలను పంపలేదు. చదువుకొన్న స్త్రీలను పంపినది. వారు వారమున కొకమారు తలుపు తట్టి అద్దె తీసికొని, కారు నీరు, విరిగిన మెట్టు, బిడ్డల దగ్గు చూచి వచ్చెడివారు. ఆ తోడి పనికత్తెలకు ఆమె 1872 మొదలు దాదాపు నలుబదియేండ్లు ఏటేట ఒక ఉత్తరము వ్రాసినది. ఏమి జరిగినది, ఏది కుదిరినది, ఏది కుదరలేదు అని వెనుదిరిగి చూచు నుత్తరములవి. ఆమెయందు మాకు నచ్చనిదియు కలదు. అద్దె బకాయి పడినవారిని వెడలగొట్టుటలో కనికరము తక్కువ. బీదవారికి ఏది మేలో తనకే తెలియునను పట్టుదల ఎక్కువ. అయినను ఇండ్ల పని తాళపుచెవుల పని మాత్రమే కాదు, మనుష్యుల పని యని తెలిసికొన్న ఇల్లాలు ఆమె.

రెండవ ప్రపంచయుద్ధానంతరము అదే లండనులో ఈనిడ్ అను నామె కుటుంబ సంక్షేమ కార్యకర్తలను గుంపుగా కూర్చుండబెట్టి, వారివారి కేసులను వారిచేతనే చెప్పించి ఆలోచింపజేయు పద్ధతి నారంభించినది. బుడపెస్టునుండి వచ్చిన మైకేల్ బాలింటు అను వైద్యుడు ఆమెతో కూడి, పిదప ఆమెను పెండ్లాడి, 1950 నుండి వైద్యులకును అట్టి గోష్ఠులు నడిపెను. లోకమునకు బాలింటు గోష్ఠులన్న పేరే నిలిచినది. మొదట దారి తీసినది ఇల్లాలు, పేరు మగనిది. దీనిపై మేము వ్యాఖ్యానింపము. చదువరులే చేసికొందురు గాక. అమెరికాలో నగర నిర్మాణ విద్య బోధించిన డొనాల్డ్ షోన్ అను పండితుడు 1983లో ప్రకటించిన గ్రంథమున ఈ తలపునకు శాస్త్రరూప మిచ్చెను. పనివాని తెలివి పుస్తకములందు మాత్రమే కాక చేయు పనిలోనే యుండుననియు, చేయుచుండగనే యొక చూపు, చేసిన పిదప నింకొక చూపు వలయుననియు అతని మతము. సింహము నాలుగడుగులు నడచి వెనుదిరిగి చూచునట. సింహావలోకనమను మాట మనకు ఎన్నడో యున్నది.

మా వీధిలో, గుంటూరున నర్సులకు చదువు చెప్పి విశ్రాంతి గైకొన్న ఒక పెద్దమ్మగారున్నారు. ఈ గోష్ఠి పద్ధతి నామె యెరుగును. మా పిల్ల సంగతి చెప్పగా, "ఒక్కదాన్ని తీసుకురాకమ్మా. ఒక్కతెకు చెప్పితే సలహా అవుతుంది. అయిదుగురుంటే అద్దమవుతుంది" అనిరి. ఆ మాట పట్టుకొని చుట్టుపట్ల గ్రామములలో అదే పని చేయు మరి నలుగురు అమ్మాయిలను పిలిపించితిమి. నెలకొకమారు, మూడవ ఆదివారము, మధ్యాహ్నము మూడు గంటలకు, మా వసారాలో. గంటన్నరకు మించరాదు. కాఫీ మా వంతు.

పద్ధతి వ్రాయవలెనన్న తేలిక. ఒకతె ఒక ఇంటి కథ చెప్పవలెను. కాగితము చూడరాదు. మరచినదానిని మరచినట్లే విడువవలెను. ఏది మరచినదో అదియు కథలో భాగమే యట. ఇంటివారి పేరు, ఊరు పలుకరాదు. తెలియని సంగతులను ఇతరులు ఒకటి రెండు అడిగి తెలిసికొనవలెను. అటుపై చెప్పినయామె కుర్చీ వెనుకకు జరుపుకొని నోరు మెదపక వినవలెను. మిగిలినవారు "నీవిట్లు చేసియుండవలసినది" అనరాదు. తమ కేమి తోచినదో, కడుపులో ఎక్కడ కలుక్కుమన్నదో అది మాత్రమే చెప్పవలెను. పెద్దమ్మగారు కాలము చూతురు, సలహాలను ఆపుదురు. ఎప్పుడైన ఒక ప్రశ్న వేయుదురు. అంతకుమించి మాటలాడరు. గోష్ఠి నడుపువారికి ఇదియే కష్టమైన విద్య యని మేము కన్నులార చూచితిమి. ఉద్యోగపర్వమున నిదుర పట్టని ధృతరాష్ట్రునకు విదురుడు రాత్రి తెల్లవార్లు నీతి చెప్పెను. ఒక్క మాటయు తప్పు లేదు. తెల్లవారినంతట రాజు మునుపటి రాజే. ధర్మరాజు తమ్ములను బ్రతికించుకొన్నది యక్షుడు ప్రశ్న లడిగినందువలన గదా!

అచ్చట విన్నది మేము వ్రాయవచ్చునా యని సంకోచించితిమి. తక్కిన అమ్మాయిల కథలు వ్రాయలేదు, వ్రాయము. మా మేనకోడలు ఈ వ్యాసమును తాను చదివి, వలదన్నచోట గీత కొట్టి, ఉన్నంత మట్టుకు సమ్మతించినది.

రెండవ గోష్ఠి ఆమె వంతు. ఒక వృద్ధురాలి ఇల్లు పునాది మట్టమున ఆగినది. కొడుకు దూరదేశమున నున్నాడు, పంపెదనన్న సొమ్ము పంపలేదు. మేస్త్రీ వేరు పనికి పోయెను. అర్జీలు తీసికొను సోమవారము నాడెల్ల ఆ ముసలమ్మ గుడ్డసంచితో వచ్చి కచేరీ మెట్టుమీద కూర్చుండును. "రోజూ వచ్చి డబ్బులు డబ్బులని ప్రాణం తీస్తుంది" అని పిల్ల చెప్పుకొనిపోయినది. పెద్దమ్మగారు ఒక్కటే అడిగిరి: "క్రిందటి సోమవారం ఏమని అడిగింది?" పిల్ల చెప్పబోయి ఆగినది. కొంతసేపటికి, "ఏమీ అడగలేదండీ. మూడు వారాలుగా ఏమీ అడగట్లేదు" అన్నది. "మరి నువ్వేం చేశావు?" "సెల్‌ఫోను తీసుకుని మాట్లాడుతున్నట్టు లోపలికి పోయాను."

కుర్చీ వెనుకకు జరిపిన పిదప పొరుగూరి అమ్మాయి ఒకతె, "నాకైతే నేనామెకు బాకీ ఉన్నట్టు అనిపించింది" అన్నది. డబ్బు బాకీ కాదు, మరి దేని బాకీయో తనకు తెలియదన్నది. మా పిల్ల కన్నులు దించుకొన్నది. నియమము ప్రకారము తన వంతు మరల వచ్చువరకు మాటలాడరాదు గనుక పది నిమిషములు అట్లే యున్నది. వంతు వచ్చినంతట చెప్పినది. స్థలమున ముగ్గు పోయించిన నాడు ముసలమ్మ చేయి పట్టుకొని, "సంక్రాంతికి గృహప్రవేశం మామ్మా, నాకు బొబ్బట్లు పెట్టాలి" అన్నదట. ఆ సంక్రాంతి పోయినది. రెండవ సంక్రాంతియు పోయినది. ముసలమ్మ ఆ మాట యెన్నడును ఎత్తలేదు. ఎత్తకుండుటయే తనకు భరింపరాకున్నదని పిల్ల యేడ్చినది. ఎవరును ఓదార్చలేదు. ఓదార్చవలదని పెద్దమ్మగారు కనుసైగ చేసిరి. మా చేతులు మాత్రము చీర చెంగును నలుపుచుండెను. నలుగురిలో ఇద్దరు, తామును అట్టి మాటలు ఇచ్చియున్నామని మెల్లగా చెప్పిరి.

తరువాతి సోమవారము పిల్ల ముందు గుమ్మముననే పోయి, మెట్టుమీద ముసలమ్మ ప్రక్కన కూర్చుండి, గోడ లేచినగాని డబ్బు రాదనియు, ఎప్పుడు వచ్చునో తనకు తెలియదనియు, సంక్రాంతి యన్నది తెలియక అన్న మాట యనియు చెప్పినది. ముసలమ్మ, "అది సరేలే అమ్మాయిగారూ. గుడిసెలో సిమెంటు కట్టలు గడ్డ కడుతున్నయి, వాటినేం చెయ్యమంటారు? అడుగుదామంటే మీరు ఫోనులో ఉంటిరి" అన్నదట.

సోదరీమణులు గమనింపవలెను. మూడు వారములు ఆమె మెట్టుమీద కూర్చున్నది దీనికై. ఇచ్చిన సిమెంటులో పండ్రెండు బస్తాలు వాన జల్లు పడు గుడిసెలో నున్నవి. సిమెంటు నిలువయుంచినకొలది బలము తగ్గును. చెమ్మ తగిలెనా, రాయియే. పిల్ల పోయి చూచునప్పటికి నాలుగు బస్తాలు పోయినవి. ఎనిమిది మిగిలినవి. వానిని అదే వరుసలో గోడలు లేపుచున్న ఇంకొక ఇంటివారికి బదులిప్పించి, తిరిగి క్రొత్త బస్తాలు ఇచ్చునట్లు పొదుపు సంఘమువారి యెదుట ఒప్పించినది. ఆ నాలుగు బస్తాలు ఆ ముసలమ్మకు చిన్న నష్టము కాదు.

"మాటలతో గోడ లేచునా?" అని మా వారు మొదట హాస్యమాడిరి. లేవదు. రావలసిన సొమ్ము రానిచోట గోష్ఠులు పెట్టి ఉద్యోగుల కన్నీరు తుడిచి మరల పంపుట మోసమే యగును. ఒక్కతె మీద మోయరానన్ని ఇండ్లు మోపి, అలసట నీ మనస్సులోని లోప మనుట మరింత మోసము. పై యధికారి వచ్చి కూర్చున్ననాడు ఇది గోష్ఠి కాదు, తనిఖీ యగును. ఒక పెద్ద ఉద్యోగి ఉత్సాహపడి తానును వత్తుననగా పెద్దమ్మగారు కాఫీకి రమ్మని వేరొక దినము చెప్పిరి. మరియొక లోపము మాకు లోపల మెదలుచునే యున్నది: ముసలమ్మ గురించి ఆరుగురము మాటలాడితిమి, ఆమె లేదు. సిమెంటు సంగతి మా వసారాలో ఎవరికిని తోచలేదు. మెట్టుమీదనే తెలిసినది. గోష్ఠి చేసినదెల్ల పిల్లను ఆ మెట్టువరకు నడపించుట. అది చాలునా యనిన చాలదు. అది లేకున్న తక్కినది లేదు.

విదేశములలో ఇండ్లకు కొరతయు, డబ్బునకు కొరతయు మనకంటె తక్కువ గదా, అచ్చట ఈ బాధ యేల యని అడుగవచ్చును. ఇంగ్లండులో రోచ్‌డేల్ అను నూర, అద్దెయింటి గోడలకు పట్టిన బూజు పీల్చి 2020 డిసెంబరులో రెండేండ్ల పసివాడు మరణించెను. తండ్రి అంతకు మూడేండ్ల ముందునుండియే మొర పెట్టుచుండెను. పరదేశమునుండి వచ్చిన కుటుంబము గనుక వారి నడవడి వలననే చెమ్మ పట్టుచున్నదని గృహసంస్థవారు ఊహించుకొనిరి. ఆ ఊహ తప్పని 2022లో మరణ విచారణ ముగిసిన పిదప ఒప్పుకొనిరి. ఆ ఊహను ముందుగా ఒక్కరైనను నలుగురి నడుమ పెట్టి "ఇది మన కెట్లు తెలియును?" అని అడిగియుండిన! లండనులో 2017 జూను 14న గ్రెన్‌ఫెల్ అను ఇరువదినాలుగంతస్తుల భవనము కాలి డెబ్బదియిద్దరు చనిపోయిరి. అచ్చటను ప్రమాదము గురించి ముందే మొరపెట్టిన వాసులు కొందరు తగవులమారులని పేరుపడిరి. 2023లో ఆ దేశమువారు చట్టము చేసి, ఇండ్ల నిర్వాహకులలో పెద్దలకు తగిన చదువును, ఉద్యోగులందరికి తగిన నడవడిని విధించిరి. ఇండ్ల పనివారు ఇట్టి గోష్ఠులలో కూర్చుండుటయు అచ్చట ఇప్పుడు వింత కాదు.

లక్కయింటి కథ చదివినప్పుడెల్ల మాకు పాండవులకంటె ఆ రాత్రి అందులో నిదురించిన నిషాద స్త్రీయు, ఆమె కొడుకు లైదుగురును జ్ఞప్తికి వత్తురు. మా నాయనగారు ఆదిపర్వము చెప్పునప్పుడు, వారి పేరేమని మేము అడుగగా, పేరు లేదనిరి. నలుబదియేడో నంబరన్న మాట మా పిల్ల నోట విన్ననాడు మాకు అదియే తోచినది.

పిల్ల ఇప్పటికి హైదరాబాదు మాట ఎత్తుట లేదు. ఎత్తదని మేము చెప్పజాలము. మొన్న తల నొప్పియని రెండు దినములు సెలవు పెట్టినది. ముసలమ్మ ఇంటి గోడలు, పొదుపు సంఘము బదులుతో, కిటికీల మట్టము దాటినవి. శ్లాబు పడలేదు. ఎప్పుడు పడునని పిల్ల నడిగితిమి. "తెలియదు అత్తయ్యా" అన్నది. గోష్ఠికి ఇంకను ఇద్దరు వత్తుమన్నారు, అందొక అబ్బాయి. ఆడపిల్లల నడుమ అతడు నోరు విప్పునా యని మా వారికి సందేహము. వచ్చు మూడవ ఆదివారమునకు ప్రక్కయింటివారి నడిగి రెండు కుర్చీలు తెప్పించి వసారాలో వేసియుంచితిమి.